మా నేల ఎముకలకు మా ఊళ్లో చోటు లేదా?

బయటి రాష్ట్రాల తెలుగువాళ్లం ఎక్కడ కలుసుకున్నా మనకు రెండే పాటలు. బడిలో తెలుగు తీసేశారన్నది ఒకటి, పిల్లల నోట తెలుగు పోతోందన్నది రెండోది. రెండూ నిజాలే. ఆ రెండింటికీ నేనూ గొంతు కలిపినవాణ్ణే. ఈసారి మూడో సంగతి ఒకటి ఎత్తుతున్నాను. వినగానే కొందరికి నవ్వు రావచ్చు. నవ్వినా సరే, చివరిదాకా చదవమని మనవి. సిరొంచలో మనం రాక్షసబల్లుల మ్యూజియం ఒకటి తెరవాలి. సర్కారు కట్టించేదాకా అరుగు మీద కూర్చోకుండా ఊరివాళ్లం కలిసి తెరవాలి. శాస్త్రజ్ఞులను పిలిచి, పద్ధతిగా తవ్వకాలు చేయించాలి. ఇకమీదట దొరికింది ఇక్కడే ఉండాలి.

సిరొంచ ఎక్కడుందో చెన్నై, హోసూరు, బరంపురం పాఠకులకు తెలియకపోవచ్చు. మహారాష్ట్రకు ఆగ్నేయపు కొసన, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేచోట ఉన్న తాలూకా ఇది. ఏటికి ఆవల కాళేశ్వరం. 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లి, మధ్యపరగణాల్లో ఉండి, చివరికి మహారాష్ట్రలో తేలాం. 1982లో చంద్రపూర్ జిల్లాను చీల్చి గడ్చిరోలి జిల్లా చేసినప్పుడు అందులో పడ్డాం. జిల్లా కేంద్రం మాకు సుమారు 200 కిలోమీటర్ల దూరం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవి పల్లెల్లో గోండి, మాడియా. ఇటు చూస్తే పూర్తిగా వాళ్లం కాము, అటు చూస్తే పూర్తిగా వీళ్లం కాము. ఈ బాధ ఈ పత్రిక చదివే ప్రతి ఒక్కరికీ తెలిసిందే, విడమరిచి చెప్పనక్కర్లేదు.

అయితే ఈ తాలూకాకు ప్రపంచంలో ఒక పేరుంది. ఆ సంగతి మాకే తెలియదు. ప్రాణహిత ఒడ్డున కోట అనే పల్లె ఉంది. అక్కడి సున్నపురాళ్లలో దొరికిన చేప శిలాజం గురించి 1851 నాటికే ఇంగ్లండులో రాశారు. ఆ పల్లె పేరుమీదే ఇక్కడి రాతిపొరలకు 'కోట పొరలు' అని పేరు స్థిరపడింది. జురాసిక్ యుగపు జంతువుల గురించి ఏ దేశంలో ఎవరు చదువుకున్నా ఈ పేరు తగలక తప్పదు. ఆ పొరల వయసు ఉజ్జాయింపుగా 18 కోట్ల ఏళ్లు.

1957లో కలకత్తాలోని భారత గణాంక సంస్థకు మహలనోబిస్ గారు లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శాస్త్రవేత్తను పిలిపించి భూగర్భశాస్త్ర విభాగం పెట్టించారు. ఆ సంస్థవాళ్లు మా గోదావరి లోయంతా గాలించి, సిరొంచ తాలూకాలోని పోచంపల్లి దగ్గర పెద్ద ఎముకల పాతర కనిపెట్టారు. ముఖ్యమైన తవ్వకాలు 1960, 61ల్లో సాగాయి. సుమారు 300 ఎముకలు. కనీసం ఆరు జంతువులవి. ఒక్క తొడ ఎముకే 1.7 మీటర్ల పొడవు, అంటే నిలబడ్డ మనిషంత. 1975లో దానికి 'బారాపాసారస్ టాగోరై' అని పేరు పెట్టి లోకానికి చెప్పారు. బెంగాలీలో 'బొడొ పా' అంటే పెద్దకాలు. తవ్వినది రవీంద్రుడి శతజయంతి ఏడాది గనుక రెండో పేరు ఆయనది. ఆ అస్థిపంజరాన్ని నిలబెట్టి కలకత్తాలోని తమ సంస్థలో పెట్టుకున్నారు. ఈనాటికీ అక్కడే ఉంది.

రవీంద్రుడి మీద నాకు కోపం లేదు. ఆ శాస్త్రజ్ఞుల మీదా లేదు. వాళ్లు రాకపోతే ఆ ఎముకలు ఏ వరదకో కొట్టుకుపోయి ఉండేవి. కనిపెట్టినవాడికి పేరుపెట్టే హక్కు ఉంటుంది. అది శాస్త్రం మర్యాద. నా కోపమంతా మన మీదే. అరవై ఏళ్లు దాటాయి. పోచంపల్లి పిల్లవాడికి తన ఊరిపేరు ఏ ఏ దేశాల పుస్తకాల్లో ఉందో చెప్పే బోర్డు ఒక్కటి కూడా మన సంఘాలు పెట్టలేదు. ఏటా ఉగాదికి పచ్చడి పంచుతాం, కవిసమ్మేళనం జరుపుతాం, వచ్చిన అతిథికి శాలువా కప్పుతాం. ఆ శాలువాల ఖర్చు పదేళ్లది కూడబెట్టి ఉంటే ఒక గది లేచేది.

మా తెలుగు సంఘం కూర్చున్నప్పుడు ఈ మాట ఎత్తాను. నేను ఎంతో గౌరవించే ఒక పెద్దాయన, "సారూ, బొక్కలకు భాష ఉంటదా? మనది భాషాసంఘం గదా" అన్నారు. (మా వైపు ఎముకను బొక్క అంటాం. కోస్తా మూలాలున్న పాఠకులు కన్నం అనుకోకండి.) అందరూ నవ్వారు. ఆ నవ్వుకు జవాబు చెప్పడానికే ఈ వ్యాసం.

బొక్కలకు భాష ఉండదు, నిజమే. వాటి కింద రాసిన చీటీకి ఉంటుంది. ఆ చీటీ ఎవరి భాషలో ఉంటే ఆ భాషవాడికి అది తన వస్తువవుతుంది. గోదావరికి ఆవలి ఒడ్డున ఏం జరిగిందో చూడండి. తెలంగాణ వైపు యామన్‌పల్లి దగ్గర భారత భూగర్భ సర్వేక్షణ శాఖవాళ్లు 1970ల చివర్లో మరో శాకాహార డైనోసార్ ఎముకలు తవ్వారు. 1988లో పి. యాదగిరి గారు దానికి 'కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని పేరుపెట్టారు. మా కోట, ఆవలి యామన్‌పల్లి, రెండూ ఆ పేరులో ఉన్నాయి. ఆ అస్థిపంజరం హైదరాబాదులోని బిర్లా సైన్సు మ్యూజియంలో ఉంది. అదే వరసలో ధర్మారం, మలేరి, నంబాల, జక్లపల్లి ఊళ్లు కూడా డైనోసార్ల పేర్లలోకి ఎక్కాయి. 2025లో మరొకటి చేరింది, 'మలేరిరాప్టర్'. మన తెలుగు ఊళ్ల పేర్లు లాటిన్ తోకలు తగిలించుకుని ప్రపంచమంతా తిరుగుతున్నాయి. మన సంఘాలకు మాత్రం అవి భాషకు సంబంధించిన విషయంగా తోచడం లేదు!

'డైనోసార్' అనే మాటనే తీసుకోండి. 1842లో ఓవెన్ అనే ఇంగ్లీషు పండితుడు గ్రీకు మాటలు కలిపి దాన్ని అల్లాడు. భయంకరమైన బల్లి అని దాని అర్థం. మనవాళ్లు దాన్ని 'రాక్షసబల్లి' చేశారు. మాట బాగుంది, నోటికి పట్టింది. కానీ పోచంపల్లి జంతువు రాక్షసి కాదు, ఆకులు మేసేది. బల్లి అంతకన్నా కాదు, దీని కాళ్లు ఏనుగు కాళ్లలా ఒంటికింద నిటారుగా ఉంటాయి. ఈ సంగతి పిల్లలకు తెలుగులో ఎవరు చెప్పాలి? వెన్నుపూస, కటి ఎముక, పక్కటెముక, జబ్బ అనే మాటలు పిల్లలు ఎక్కడ నేర్చుకోవాలి? పద్యాలు కంఠస్థం చేయిస్తే భాష నిలుస్తుందని మనం నమ్మాం. పద్యం వద్దనడం లేదు. కానీ కాలికింది రాయి గురించి మాట్లాడుకోలేని భాషను పిల్లవాడు పండగ బట్టల్లాగే వాడతాడు. ఏడాదికోసారి తొడిగి పెట్టెలో పెడతాడు.

రెండో ఆక్షేపణ: "ఇది సర్కారు పని, మనకెందుకు?" సర్కారు ఏమీ చేయలేదని నేననను. మా తాలూకాలోనే వడధం దగ్గర అటవీశాఖ శిలాజాల పార్కు పెట్టింది. మంచిదే. కంచె రాయిని కాపాడుతుంది. రాయి కథ చెప్పడానికి మనిషి కావాలి, ఆ మనిషి ఊరివాడు కావాలి. సర్కారు వేగం తెలుసుకోవాలంటే గుజరాత్ చూడండి. బాలాసినోర్ దగ్గర రైయోలీలో 1981లో ఎముకలు, గుడ్లు బయటపడ్డాయి. అక్కడ మ్యూజియం తెరిచింది 2019లో. అంటే 38 ఏళ్లు. ఆ మధ్యకాలంలో ఆ చోటును గుర్తుంచుకుని, వచ్చినవాళ్లకు చూపించి, ఎత్తుకుపోయేవాళ్లను అడ్డుకున్నది ఆ ఊరి సంస్థాన కుటుంబానికి చెందిన ఆలియా సుల్తానా బాబీ గారి వంటి స్థానికులే. మ్యూజియం రాకముందే అక్కడ మనిషి ఉంది. మనకు ఆ మనిషీ లేదు.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో తమిళనాడు పాఠకులకు దగ్గరి ఉదాహరణే ఉంది. అరియలూరు జిల్లా కల్లమేడు దగ్గర దొరికిన 'బృహత్కాయోసారస్' ఎముకలను 1980లలో యాదగిరి, అయ్యాసామి గార్లు ప్రపంచానికి పరిచయం చేశారు. ఒక్క ముంగాలి పిక్క కాదు, వెనక కాలి పిక్క ఎముకే 2 మీటర్లన్నారు. భూమి మీద నడిచిన అతిపెద్ద జంతువుల్లో ఒకటి కావచ్చని నేటికీ వాదన నడుస్తోంది. ఆ వాదన తేలదు, ఎందుకంటే ఆ ఎముకలు ఇప్పుడు లేవు. వానల చెమ్మకు, ప్లాస్టర్ కట్టులోనే పొడిపొడి అయిపోయాయి. మిగిలినవి పాత బొమ్మలూ ఫొటోలూ. తవ్వి తీయడం ఒక ఎత్తు, తీసినదాన్ని అక్కడికక్కడే గట్టిపరిచి పొడి గదిలో భద్రపరచడం మరో ఎత్తు. దగ్గర్లో ఆ గది లేకపోతే తవ్వకం కూడా నష్టమే.

మా దగ్గరి పరిస్థితీ అంత నిశ్చింత ఏమీ కాదు. పోచంపల్లి జంతువు తల నేటికీ దొరకలేదు. కొన్ని పళ్లు మాత్రం దొరికాయి. ఎముకల మధ్య పెద్ద పెద్ద చెట్ల మొద్దులు కూడా రాళ్లయి దొరికాయి గనుక, వరదలో మంద మొత్తం కొట్టుకొచ్చి చచ్చిందని శాస్త్రజ్ఞుల ఊహ. ఆ తలలు ఆనాడే ఎటో పోయాయో, పక్క చేను కింద ఉన్నాయో ఎవరికెరుక? ఏటా వానాకాలం గోదావరి, ప్రాణహిత గట్లను కోస్తూనే ఉంటాయి. కోసినచోట ఎముక కొస బయటపడుతుంది. ఎవరూ చూడకపోతే మరుసటి వరదకు అది పోతుంది. దానికి తోడు 2019లో మేడిగడ్డ బరాజ్ వచ్చింది. దాని ఇవతలి ఒడ్డు మా తాలూకాలోనే ఉంది. నీళ్లు నిలిచి పంటలు మునిగాయని మా రైతులు రోడ్డెక్కారు. 2023 అక్టోబరులో దాని పిల్లర్లే కుంగాయి. అంత పెద్ద పనికి ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు, మంత్రులు అందరూ వచ్చారు. గట్టు వెంట నడిచి రాళ్లు చూసే మనిషిని ఒక్కణ్ణి నిలబెట్టుకోవాలన్న ఆలోచన మన సంఘాలకు అప్పుడైనా రాలేదు.

మూడో ఆక్షేపణ: "ఆస్పత్రికి డాక్టరు లేడు, బడికి పంతులు లేడు, ముందు బొక్కలా?" ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పినవాణ్ణి, ఈ మాట బరువు నాకు తెలుసు. కానీ డాక్టరు కోసం అర్జీ పెట్టడానికి మ్యూజియం అడ్డమా? ఇన్నేళ్లు మ్యూజియం లేకుండానే ఉన్నాం గదా, మరి డాక్టరు వచ్చాడా? పనికొచ్చేవన్నీ వచ్చాకే తెలివికి సంబంధించినది రావాలనడం పేదవాడికి రెండోసారి అన్యాయం చేయడమే. కలకత్తా పిల్లవాడికి మా పోచంపల్లి ఎముక చూసే భాగ్యం ఉంది, పోచంపల్లి పిల్లవాడికి లేదు. అది డాక్టరు లేకపోవడం లాంటి లోటే.

ఊరివాళ్లకు ఇది సాధ్యమా అని అడుగుతారు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో వింటన్ అనే చిన్న ఊరుంది. 1999లో డేవిడ్ ఎలియట్ అనే గొర్రెల పెంపకందారుకు తన భూమిలో డైనోసార్ ఎముక కనబడింది. 2002లో లాభాపేక్ష లేని సంస్థ ఒకటి పెట్టారు. పొరుగు కుటుంబం ఒకటి మ్యూజియానికి భూమి రాసిచ్చింది. 2009లో ఎముకలు శుభ్రం చేసే షెడ్డు తెరిచారు. బయటినుంచి వచ్చినవాళ్లు డబ్బు కట్టి మరీ తవ్వకాల్లో కూర్చుంటారు, శాస్త్రజ్ఞుల పర్యవేక్షణలో ఎముక మీది మట్టి గీకుతారు. దొరికిన ఎముకలు వింటన్‌లోనే ఉన్నాయి. పరీక్షించాలనుకున్న శాస్త్రజ్ఞుడే ఆ ఊరికి వెళతాడు. వాళ్ల డబ్బు మనకు లేదు, ఒప్పుకుంటాను. కానీ వాళ్లు మొదలుపెట్టింది కూడా డబ్బుతో కాదు, షెడ్డుతో.

ఇక్కడొక హెచ్చరిక. ఈ వ్యాసం చదివి ఎవరూ గడ్డపార పట్టుకుని బయలుదేరకండి. తవ్వకం అంటే వేరుశనగ పీకడం కాదు. వానలు వెలిశాక వాగుగట్లు చూసుకుంటూ నడుస్తారు. ఎముక కొస కనబడితే లాగరు. ఆ చోట తాళ్లతో గళ్లు కట్టి, ఏ గడిలో ఏ ఎముక ఎటు తిరిగి, ఎంత లోతున ఉందో కాగితం మీద గీస్తారు. మెత్తబడిన ఎముకకు పలుచటి జిగురు తాగిస్తారు. చుట్టూ మట్టి తీసి దిమ్మెలా నిలిపి, తడికాగితం పరిచి, ప్లాస్టర్లో ముంచిన గోనెపట్టీలు చుడతారు, విరిగిన చేతికి కట్టు కట్టినట్టు. గట్టిపడ్డాక తిరగేసి అడుగువైపూ కడతారు. ఆ తర్వాత నెలల తరబడి సూదులూ కుంచెలతో పని. పటం గీయకుండా పీకిన ఎముక ఉత్త రాయి. మంద వరదలో కొట్టుకొచ్చిందన్న ఊహ ఎముకలు పడి ఉన్న తీరునుబట్టి వచ్చిందేగానీ ఎముకలనుబట్టి కాదు. కాబట్టి మన పిల్లల్లో నలుగురైదుగురు ఈ పని నేర్చుకోవాలి, శాస్త్రజ్ఞుల పక్కన కూర్చుని. ఇన్నాళ్లూ మన ఊళ్లవాళ్లకు మట్టి మోసే పని దక్కింది. ఇకమీదట పటం గీసే పని కూడా దక్కాలి.

నాలుగోది నాకు ఎక్కువ బాధ కలిగించిన మాట. కొందరు యువకులు ఉత్సాహంగా ముందుకొచ్చి, "అయితే మాస్టారూ, ఇది తెలుగు డైనోసార్ అని బోర్డు పెడదాం" అన్నారు. వద్దు నాయనా! ఆ జంతువు తిరిగినప్పుడు గోదావరి లేదు, తెలుగూ లేదు, మరాఠీ లేదు, మనిషే లేడు. ఈ నేల ఆఫ్రికా, అంటార్కిటికాలతో అంటుకుని ఉండేది. ఆ మహాఖండానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా. 1870లలో మన మధ్యభారతపు గోండుల దేశం పేరుమీద భూగర్భశాస్త్రంలోకి వచ్చిన మాట అది. దక్షిణార్ధగోళమంతా గోండుల పేరుమీద ఉంది. ఈ సంగతి మా తాలూకా గోండు పిల్లవాడికి ఏ బడిలో ఎవరు చెప్పారు? మనకు మరాఠీవాళ్లు చేసిన నిర్లక్ష్యాన్నే మనం గోండు, మాడియా వాళ్లకు చేస్తూ వచ్చాం. కాబట్టి ఆ మ్యూజియంలో ప్రతి చీటీ తెలుగులోనూ, మరాఠీలోనూ, గోండిలోనూ ఉండాలి. నిర్వహణలో అందరూ ఉండాలి. అలా ఒప్పుకోలేనివాళ్లు ఈ పనికి దూరంగా ఉండడమే మేలు.

నమ్మకం ఉన్నచోట రాయి ఎలా నిలుస్తుందో మధ్యప్రదేశ్‌లో చూశాం. ధార్ జిల్లాలో పడ్ల్యా ఊరివాళ్లు గుండ్రటి రాళ్లను కాకడ్ భైరవుడని, పొలాలూ పశువులూ కాచే దేవుడని తరతరాలుగా కొలిచారు. అవి డైనోసార్ గుడ్లని శాస్త్రజ్ఞులు గుర్తించిన వార్త 2023లో వచ్చింది. దేవుడనుకున్నారు గనుక అవి మిగిలాయి. మనం దేవుడనుకోనక్కర్లేదు, మనవి అనుకుంటే చాలు.

ఇక చేయవలసినవి చెబుతాను. కలకత్తా అస్థిపంజరాన్ని వెనక్కి పంపమని నేను అడగను. అది అక్కడ భద్రంగా ఉంది, విద్యార్థులకు పనికొస్తోంది. ఆ తొడ ఎముకకు అచ్చుపోసి ఒక నకలు మాకివ్వమని అడగాలి. ఆ ఒక్కటి ఉంటే చాలు, మ్యూజియం తెరవవచ్చు. రెండో గోడకు కోట చేపల ఫొటోలు, మూడో గోడకు తాలూకా పటం. చంద్రపూర్ జిల్లా పిస్దురా దగ్గర దొరికిన శిలాజ లద్దెల మీద 2005లో అచ్చయిన పరిశోధన ఉంది. డైనోసార్లు గడ్డిజాతి మొక్కలు మేసేవని ఆ లద్దెల్లోని ఆనవాళ్లే తెలిపాయి. పిల్లలకు ఇంతకన్నా ఇష్టమైన పాఠం ఏముంటుంది? పోచంపల్లి జంతువుకు పిస్దురా జంతువు ఎన్నో కోట్ల ఏళ్ల తర్వాతిదని చెప్పే కాలపట్టిక నాలుగో గోడకు.

ఆ తర్వాత ఒక రిజిస్టరు. ఏ రైతుకు ఏ చేనులో ఏం కనబడినా, తీయకుండా, వచ్చి అందులో రాయించాలి. తేదీ, చోటు, చూసినవాడి పేరు. ఆ రిజిస్టరు నకలు ఏటా భూగర్భ సర్వేక్షణ శాఖకు పంపాలి, వచ్చి చూడమని అడగాలి. అమ్మకం, కొనుగోలు ఊరు కట్టుబాటుతో నిషేధించాలి. 2022 డిసెంబరులో కేంద్రం శిలాజాల చోట్ల రక్షణకు ముసాయిదా బిల్లు ఒకటి బయటపెట్టింది. అధికారమంతా ఒకే శాఖ చేతిలో పెట్టారని, ఊళ్లకు చోటు లేదని దానిమీద విమర్శ వచ్చింది. ఆ విమర్శ చేసినవాళ్లలో మన సంఘాలు ఎన్ని? ఊరి చేతిలో రిజిస్టరు, తాళం వేసిన పొడి గది, పని నేర్చిన నలుగురు పిల్లలు ఉంటే, రేపు ఏ చట్టం వచ్చినా మనతో మాట్లాడక తప్పదు. అవేవీ లేకుండా హక్కు హక్కు అని అరిస్తే ఎవరు వింటారు?

ఇతర రాష్ట్రాల సంఘాలకూ ఒక మాట. ఇది సిరొంచ గోల అని పేజీ తిప్పకండి. మీ తాలూకాలో ఏ శాసనం గోడకింద నలుగుతోందో, ఏ రాతిపొర గనికింద పోతోందో ఈ ఏడాది ఒకసారి చూసిరండి. వచ్చే ఉగాదికి మా సంఘం పెట్టే ఖర్చులో నా వంతు చందా శాలువాకు ఇవ్వను. రిజిస్టరు కొనడానికి ఇస్తాను. మొదటి పేజీ మీద మూడు భాషల్లో తాలూకా పేరు రాయించాలి. తెలుగులో రాయడానికి నేనున్నాను. గోండిలో, మరాఠీలో రాసేవాళ్లను పిలుచుకొస్తాను. మిగతా పేజీలు నింపేవాళ్లు కావాలి.